ఆగిన జ్యూసర్ వేరు, ఆపిన జ్యూసర్ వేరు

క్యారెట్ ముక్కలు సగం దిగేదాకా గిర్రున తిరిగిన జ్యూసర్ ఉన్నట్టుండి గొంతు మారుస్తుంది. చప్పుడు మూలుగులోకి దిగి, రెండు మూడు క్షణాల్లో అదీ ఆగిపోతుంది. అప్పుడు చాలా ఇళ్లలో చెయ్యి ముందుగా పోయేది మూత మీదికి. స్విచ్చు సంగతి తర్వాత గుర్తొస్తుంది, ప్లగ్గు సంగతి అసలు గుర్తే రాదు. "ఆగిపోయింది కదా" అన్న ధీమాతోనే ఇది జరుగుతుంది. నిజానికి అక్కడ ఎవరూ దేన్నీ ఆపలేదు. తిరగాలని మోటారు ఇంకా గింజుకుంటోంది, పిప్పి దాన్ని పట్టుకుని ఉంది, అంతే. ఆ పిప్పిని వేలితోనో చెంచాతోనో కదిలించారంటే, పట్టుకున్న చేతిని వదిలించినట్టే.

ఇలా గింజుకునేటప్పుడు మోటారు లోపల జరిగేది కొంచెం తెలిసి ఉండడం మంచిది. మన మిక్సీల్లోనూ, గిరగిర తిప్పి రసం తీసే సెంట్రిఫ్యూగల్ జ్యూసర్లలోనూ ఎక్కువగా ఉండేది యూనివర్సల్ మోటారు, అంటే తిరిగే భాగానికి కార్బన్ బ్రష్‌లనే బొగ్గు ముక్కల ద్వారా కరెంటు అందే మోటారు. ఇది తిరుగుతున్నంతసేపూ తనలోనే ఒక ఎదురు వోల్టేజీని పుట్టించుకుంటుంది. లోపలికి వచ్చే కరెంటును అదుపులో పెట్టేది ప్రధానంగా అదే. తిరగడం ఆగితే ఎదురు వోల్టేజీ ఉండదు, కరెంటు మామూలు కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. 500 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర మామూలుగా తీసుకునేది రెండు ఆంపియర్ల పైచిలుకు. బిగుసుకున్నప్పుడు ఆ లెక్క చెల్లదు. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కరెంటు మూడు రెట్లయితే తీగ చుట్టల్లో వేడి తొమ్మిది రెట్లవుతుంది. కాలిన వార్నిష్ వాసన వచ్చేది అందుకే. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ఇది మరీ తొందరగా జరుగుతుంది. వోల్టేజీ తగ్గితే మోటారు మెలితిప్పే బలం కూడా తగ్గుతుంది, పొద్దున నలిగిన క్యారెట్టే సాయంత్రం అడ్డం పడుతుంది.

చాలా మోడళ్లకు అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. అది ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్. వేడి హద్దు దాటితే కరెంటు తెంచేస్తుంది. మంచి ఏర్పాటే, కానీ దాన్ని వాడే తీరులోనే తప్పు జరుగుతుంది. యంత్రాన్ని పక్కకు వాల్చి, ప్లగ్గు గోడలోనే ఉంచి, నాబు రెండో వేగం మీద ఉండగానే బటన్ నొక్కేవాళ్లు ఎక్కువ. అప్పుడు పక్కకు వాలి ఉన్న యంత్రం, మూత ఎలా ఉందో చూసుకోకముందే, చేతిలోనే తిరగడం మొదలుపెడుతుంది. నాబును సున్నాకు తిప్పి, ప్లగ్గు పీకి, ఓ పావుగంట నుంచి అరగంట చల్లారనిచ్చి, ఇరుక్కున్నది తీసేసి, అప్పుడే ఆ బటన్ జోలికి పోవాలి. అడ్డం అలాగే ఉండగా బటన్ పదే పదే నొక్కితే కాలేది మోటారే.

ప్లగ్గు పీకమనేది చాదస్తం కాదు. స్విచ్చు ఆపితే సరిపోదా అనుకోవడానికి కారణాలు ఉన్నాయి గానీ, సరిపోకపోవడానికి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. కరెంటు పోయి యంత్రం ఆగితే, అది తిరిగి వచ్చే వేళ ఎవరి చేతిలోనూ ఉండదు. గట్టు దగ్గర స్విచ్చులు వరసగా ఉంటాయి, ఒకరు జ్యూసర్‌లో చెయ్యి పెట్టి ఉండగా ఇంకొకరు వచ్చి మిక్సీ అనుకునో, కెటిల్ అనుకునో దాన్నే వేస్తారు. పాత ఇళ్లలో స్విచ్చును ఫేజు తీగ మీద కాకుండా న్యూట్రల్ మీద కలిపిన వైరింగ్ కూడా కనిపిస్తుంది. అలాంటి చోట స్విచ్చు ఆపినా యంత్రం లోపల కరెంటు నిలిచే ఉంటుంది, రసం కారి తడిసిన యంత్రాన్ని తాకితే షాకు కొట్టవచ్చు. కాబట్టి ప్లగ్గు బయటికి రావాలి, పని చేస్తున్నంతసేపూ కళ్ల ముందు గట్టు మీదే ఉండాలి.

ఇక అసలు విషయం. "జామ్ అయింది" అనే ఒకే మాటతో మనం మూడు రకాల యంత్రాల బాధను చెబుతున్నాం. వాటిలో ప్రమాదం ఒక్కచోట లేదు, విడిపించే పద్ధతీ ఒకటి కాదు.

మొదటిది సెంట్రిఫ్యూగల్ జ్యూసర్. జ్యూసర్ మిక్సర్ గ్రైండర్ పేరుతో కొనే వాటిలో జ్యూసర్ భాగం ఇదే. గొట్టంలోంచి పండు దిగుతుంది, జాలీ అడుగున ఉన్న పళ్లెం దాన్ని తురుముతుంది, ఆ తురుము గిరగిర తిరుగుతూ చుట్టూ ఉన్న సన్నని జాలీకి కొట్టుకుంటుంది. రసం రంధ్రాల్లోంచి బయటికి, పిప్పి పైనుంచి పిప్పి డబ్బాలోకి. ఇది నిమిషానికి పది వేల చుట్లు తిరుగుతుందని, జాలీ అంచు మధ్య నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో ఉందని అనుకుందాం. అంచు వేగం గంటకు 188 కిలోమీటర్లు అవుతుంది. అక్కడ ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు 5,600 రెట్ల బలంతో బయటికి లాగబడుతుంది. జాలీకి ఒక పక్కనే పది గ్రాముల పిప్పి, అంటే ఓ రెండు చెంచాలు, అట్టకట్టిందంటే ఆ ఒక్క పక్క 56 కిలోల బరువు వేలాడుతూ తిరుగుతున్నట్టు లెక్క. పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు! యంత్రం గడగడలాడుతూ గట్టు మీద నడవడం మొదలుపెట్టేది ఇందుకే. అలా నడిచేదాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని పని ముగించాలని చూడడం మామూలుగా కనిపించే దృశ్యం. అదిమినా లోపలి అసమతూకం పోదు, బేరింగు, జాలీ అంచు దెబ్బతింటాయి. ఊగడం మొదలైందంటే ఆపి, జాలీని ఖాళీ చెయ్యడమే మార్గం.

గొట్టంలో ముక్క ఇరుక్కుంటే దాన్ని తోయడానికి యంత్రంతో పాటు పుషర్ ఇచ్చారు. దాని పొడవు ఊరికే అంత పెట్టలేదు. పూర్తిగా దిగినా తురుము పళ్లకు తగలకుండా ఆగేలా కొలిచి చేస్తారు. గొట్టం లోతు కూడా వేళ్లు కిందిదాకా అందకూడదనే ఆలోచనతో పెట్టిందే. చెంచాకో, అట్లకాడ కాడకో, చాకుకో ఆ కొలత వర్తించదు. అది పళ్లకు తగిలిన క్షణంలో చేతిలోంచి ఎగిరిపోతుంది, లేదా జాలీని చీల్చుకుని లోపలే ముక్కలవుతుంది. పుషర్ ఎక్కడో పోయి పొడుగాటి క్యారెట్‌తోనే తోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. క్యారెట్ నలిగినంత మాత్రాన పెద్ద ఇబ్బంది లేదు, చివరి రెండంగుళాల దగ్గర వేళ్లు ఎక్కడుంటాయన్నదే సమస్య.

ఆపాక కూడా జాలీ కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు ఆగిందా లేదా అని చెవితో కాకుండా, పారదర్శకంగా ఉన్న మూతలోంచి కంటితో చూడాలి. మూతకు అటూ ఇటూ ఉండే క్లాంపులు సరిగ్గా పడితేనే కరెంటు అందేలా లోపల ఒక చిన్న స్విచ్చు ఉంటుంది. నమ్మదగిన రక్షణే అయినా, ఏళ్ల తరబడి చక్కెర రసం కారి ఎండిన చోట ఆ స్విచ్చు పిన్ను నొక్కుకుపోయి అలాగే ఉండిపోవచ్చు. క్లాంపు విరిగితే అగ్గిపుల్లతోనో, మడిచిన అట్టముక్కతోనో స్విచ్చును నొక్కిపెట్టి నడిపించే తెలివితేటలు కూడా చూస్తుంటాం. విరిగిన క్లాంపు ఖరీదు ఎంతైనా, ఈ పొదుపు తగనిది.

ప్లగ్గు తీశాక మూత తెరిచి, పిప్పిని చెక్క గరిటెతోనో, ప్లాస్టిక్ గరిటెతోనో పైపైన తీసి, జాలీని నిటారుగా పైకి ఎత్తాలి. రాకపోతే గుంజకూడదు. రసం ఎండి అతుక్కుని ఉంటుంది. అంచు చుట్టూ గోరువెచ్చని తడిగుడ్డ కాసేపు ఉంచితే వదులవుతుంది. లోపల అడుగున ఉండే తురుము పళ్లు చిన్నవిగా కనిపిస్తాయి కానీ కొత్త బ్లేడు పదును ఉంటుంది. అందుకే జాలీని లోపల చెయ్యి పెట్టి కాకుండా అంచు పట్టుకుని తీయాలి.

రెండోది మిక్సీకే తగిలించే జ్యూస్ జార్. మధ్యలో నిలువు జాలీ, దాని అడుగున బ్లేడు. ఇది మూడింటిలోకీ కాస్త మర్యాదస్తురాలు, ఎందుకంటే జార్‌ను మోటారు మీంచి ఎత్తి పక్కన పెట్టగానే బ్లేడుకు కదిలే శక్తి ఉండదు. ముందు నాబు సున్నా, ఆ తర్వాత ప్లగ్గు, ఆ తర్వాత జార్. ఇక్కడ చిక్కు ఎక్కువగా బుష్ దగ్గర, అంటే బ్లేడు కాడ తిరిగే చిన్న గొట్టం దగ్గర వస్తుంది. నిన్నటి పండ్ల రసంలోని చక్కెర బ్లేడు కాడ చుట్టూ ఎండి, తెల్లారేసరికి జిగురులా పట్టేస్తుంది. స్విచ్చు వేస్తే మోటారు మూలుగుతుంది, బ్లేడు కదలదు. అప్పుడు బ్లేడును వేళ్లతో తిప్పబోవడం సహజంగా తోచే పని, చెయ్యకూడని పని కూడా అదే. జార్‌లో కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, ఒంపేసి, జార్‌ను తలకిందులు చేసి అడుగున మోటారుకు తగులుకునే కప్లర్‌ను పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. పట్టు వదిలితే బ్లేడు దానంతట అదే కదులుతుంది. మిక్సీ రిపేరు షాపులో మొదట చేసేది కూడా ఇదే. అలా తిప్పినా బిగువుగానే ఉంటే బుష్ మార్చాలి, నూనె పోసి తోయకూడదు. ఆ నూనె తాగే రసంలోకే దిగుతుంది.

మూడోది కోల్డ్ ప్రెస్, స్లో జ్యూసర్ అని కూడా అంటారు. నిమిషానికి నలభై నుంచి ఎనభై చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది, గట్టిగా చప్పుడు చెయ్యదు. మెల్లగా తిరుగుతుంది కాబట్టి దీనికి భయపడేదేముంది అనిపిస్తుంది. ఆ అభిప్రాయం మార్చుకోవడానికి చెరకు రసం బండిని ఒకసారి చూస్తే చాలు. రోలర్లు నింపాదిగా తిరుగుతాయి, కానీ గడను పట్టుకున్నాక వదిలిపెట్టవు. గేర్లు వేగాన్ని ఎంత తగ్గిస్తే మెలితిప్పే బలాన్ని దాదాపు అంత పెంచుతాయి. కోల్డ్ ప్రెస్‌లోని స్క్రూ కోసే రకం కాదు, పట్టుకుని లోపలికి లాక్కుని నలిపే రకం. అందుకే వెడల్పాటి గొట్టం ఉన్న మోడళ్ల దగ్గర పిల్లలుంటే మరింత జాగ్రత్త కావాలి.

దీని గొట్టం పైకి ఖాళీగానే కనిపిస్తుంటుంది, అడ్డంకి మాత్రం కింద స్క్రూకూ జాలీ గోడకూ మధ్య ఉంటుంది. ఉసిరికాయ గింజ, నేరేడు గింజ, రేగు గింజ, గడ్డకట్టిన పండు ముక్క, ఐసు, ఇవన్నీ స్క్రూను అక్కడికక్కడే నిలబెట్టేస్తాయి. కార్తీకంలో ఉసిరికాయలు ఇంటికి రాగానే గింజ తియ్యకుండా వేసి పాడుచేసుకున్న స్క్రూలు తక్కువేమీ ఉండవు. ఇంకో అడ్డంకి పొడుగు పీచు. అల్లం, పైనాపిల్, గోధుమగడ్డి, తోటకూర కాడలు తాడులా స్క్రూకు చుట్టుకుంటాయి, పిప్పి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు పిప్పి పైకి పొంగి మూతను కింది నుంచి తంతుంది. మూత రాకుండా బిగుసుకుపోయేది ఆ ఒత్తిడికే. ఎంత బలంగా తిప్పితే అంత మొండిగా ఉంటుంది.

ఈ యంత్రానికి రివర్స్ బటన్ ఇచ్చింది ఈ పరిస్థితి కోసమే. మూత పెట్టే ఉంచి, ముందు యంత్రాన్ని ఆపి, స్క్రూ పూర్తిగా నిలిచాక మూడు నాలుగు క్షణాలు రివర్స్ నొక్కాలి. మళ్లీ ఆపి, కాసేపు ముందుకు నడపాలి. ఇలా రెండు మూడు విడతలు చేస్తే చాలావరకు విడిపోతుంది. ముందుకు తిరుగుతుండగానే వెనక్కి నొక్కితే దెబ్బ గేరు పళ్ల మీద పడుతుంది. మూడు విడతల్లో కదలకపోతే నాలుగోది అనవసరం, ప్లగ్గు తీసేయాలి. చాలా మోడళ్లలో మూతతో సహా గిన్నె మొత్తాన్ని మోటారు మీంచి ఎత్తేయవచ్చు. దాన్ని గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో ఓ పావుగంట ముంచి ఉంచితే పిప్పి మెత్తబడి మూత తిరుగుతుంది. గిన్నె కూడా మోటారును వదలకపోతే, రసం కారే మూతిని మూసి పై గొట్టంలోంచి కొద్దిగా నీళ్లు పోసి నానబెట్టవచ్చు. అయితే అడుగున ఉన్న సిలికాన్ రింగు బాగుందని తెలిస్తేనే ఆ పని చెయ్యాలి. రింగు చిరిగి ఉంటే ఆ నీళ్లు చేరేది మోటారులోకే. స్క్రూడ్రైవర్ పెట్టి మూతను లేపడం, రోకలితో తట్టడం వంటివి గట్టి ప్లాస్టిక్‌ను చీలుస్తాయి, ఆ చీలిక మరుసటి రోజు రసంలో ముక్కగా తేలుతుంది.

విడిపించడంలో చేతులు తెగేది గట్టు మీదే కాదు, సింకులో కూడా. జాలీని సబ్బు నురగ నీళ్లలో వేసి, తర్వాత అదే నీళ్లలో చెయ్యి పెట్టి వెతికినప్పుడు తురుము పళ్లు కనిపించవు. దాన్ని విడిగా, కనిపించే పళ్లెంలో నానబెట్టాలి. పీచు జాలీ రంధ్రాల్లోకి లోపలి నుంచి బయటికి దూరి ఉంటుంది కాబట్టి బ్రష్‌తో తోయాల్సింది బయటి నుంచి లోపలికి. లోపలి నుంచి రుద్దితే పీచు మరింత బిగుస్తుంది. కుళాయి ధార కూడా బయటి వైపు నుంచే పట్టాలి. మెత్తని నైలాన్ బ్రష్ చాలు, పాత టూత్‌బ్రష్ అయినా సరే. స్టీలు పీచు, గుండుసూది, చీపురు పుల్ల జాలీ రంధ్రాలను సాగదీస్తాయి. సలసల కాగే నీళ్లు ప్లాస్టిక్ అంచును వంకర చేస్తాయి, ఆ తర్వాత జాలీ సరిగ్గా కూర్చోక ఊగుతుంది.

ఎండిన పిప్పికి వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఓ అరగంట నానబెట్టడం బాగా పనిచేస్తుంది. పాలకూర తరచుగా వాడే ఇళ్లలోనూ, బోరునీళ్లతో కడిగే ఇళ్లలోనూ జాలీ మీద తెల్లటి పొర పేరుతుంది. దానికి సోడా పనిచెయ్యదు, నిమ్మరసం కలిపిన నీళ్లు కావాలి. ఈ పొర కంటికి సరిగ్గా కనిపించకపోయినా రంధ్రాలను సన్నబరుస్తుంది. "ఈమధ్య తరచూ జామ్ అవుతోంది" అనే ఫిర్యాదుకు అసలు కారణం చాలాసార్లు ఇదే. జాలీని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మూసుకుపోయిన భాగం మబ్బులా తెలిసిపోతుంది. క్యారెట్ నారింజ మరక సబ్బుకు పోదు, ఎందుకంటే ఆ రంగు నూనెలో కరిగేది. కొబ్బరినూనె అద్దిన గుడ్డతో తుడిచి ఆ తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది. బీట్‌రూట్ చూడ్డానికి భయంకరంగా ఉన్నా నీళ్లకే వదిలేస్తుంది.

వేలు తెగితే శుభ్రమైన నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. పసుపో కాఫీ పొడో అద్దే అలవాటు మనకు బాగా పాతది, కానీ గాయం లోతు ఎంతో డాక్టరుకు కనబడకుండా చేస్తుంది. వేలు వంగకపోయినా, మొద్దుబారినా, రక్తం ఆగకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి, టెటనస్ టీకా సంగతీ అడగాలి.

జామ్‌లు రాకుండా చూసుకోవడం చాలావరకు పండు కోసేటప్పుడే ఉంటుంది. అల్లాన్ని పీచుకు అడ్డంగా పల్చటి బిళ్లలుగా కోస్తే తాడు కాదు. ఆకులను విడిగా కాకుండా క్యారెట్, ఆపిల్ వంటి గట్టి ముక్కల మధ్య చుట్టి వేస్తే అవే వాటిని కిందికి నెట్టుకుపోతాయి. బత్తాయి తొక్కతో పాటు దాని కింది మందపాటి తెల్లటి పొరనూ, గింజలనూ తీసేస్తే జాలీ పూడదు, రసం చేదెక్కదు. అరటిపండు, సపోటా, బాగా మాగిన బొప్పాయి ఏ రకం జ్యూసర్‌కూ పనికొచ్చేవి కావు. వాటిలో రసంగా విడిపోయేది లేదు, గుజ్జు జాలీకి పూత పూస్తుంది, వాటి చోటు మామూలు మిక్సీ జార్. యంత్రం పూర్తి వేగం అందుకున్నాకే మొదటి ముక్క వెయ్యాలి. గొట్టం నింపి ఆ తర్వాత స్విచ్చు వేస్తే మోటారు బరువుతోనే లేవాల్సి వస్తుంది. పుషర్‌ను గట్టిగా అదిమితే రసం ఎక్కువ వస్తుందనేది భ్రమ, వచ్చేది తడి పిప్పి. ఎంతసేపు ఆపకుండా నడపవచ్చో, ఎంతసేపు ఆపాలో చాలా యంత్రాల అడుగున ఉన్న చీటీ మీద నిమిషాల్లో రాసి ఉంటుంది. మాన్యువల్ ఎలాగూ అట్టపెట్టెతో పాటు అటకెక్కి ఉంటుంది కాబట్టి, ఆ చీటీ అయినా ఒకసారి చదవడం మంచిది.

అంతా విడిపించి, కడిగి, ఆరబెట్టాక వెంటనే బిగించి పండు వెయ్యకూడదు. ముందు జాలీని వేలితో అంచు దగ్గర తాకి చూడాలి. తీగ లేచిన చోటు, వంగిన అంచు, జుట్టంత చీలిక కనిపిస్తే ఆ జాలీ పని అయిపోయినట్టే. అంత వేగంలో ఆ చీలిక ఎంతోసేపు జుట్టంతగానే ఉండదు. జాలీ బాగుంటే మూత బిగించి, నాబు సున్నా మీద ఉందని చూసుకుని ప్లగ్గు పెట్టి, తక్కువ వేగంలో ఖాళీగా ఐదు క్షణాలు నడిపి వినాలి. తర్వాత అర గ్లాసు నీళ్లు పోసి మళ్లీ నడపాలి. నీళ్లు సాఫీగా బయటికి వచ్చి, మోటారు ఒకే శ్రుతిలో ఉంటే పండ్లు వెయ్యవచ్చు. గీరుతున్న చప్పుడో, కాలిన వాసనో తగిలితే ఆ పూటకు బత్తాయిలు ఒలుచుకుని తినడమే.